మా నాయన అంగడి తూకం

మా ఊరు బత్తలపల్లికీ ధర్మవరానికీ మధ్య, తారు రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే వస్తుంది. 2022లో జిల్లాలు విడదీసినాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, ఎవరన్నా అడిగితే నా నోటికి అనంతపురం జిల్లా అనే వస్తుంది. ఎర్రనేల, బుడ్డల (వేరుశనగ) చేలు, కంప చెట్లు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుందని లెక్కలు చెబుతాయి. నాకు గుర్తున్నవి మాత్రం ఎక్కువగా ఆ సగటు కూడా పడని ఏళ్లే.

ఊరికి దక్షిణాన మా వీధి. వీధి చివర సున్నం కొట్టిన చిన్న చర్చి, దాని ముందర వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. అదే మా గంట. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. 1810లో లండన్ మిషన్ వాళ్లు బళ్ళారిలో పని మొదలుపెట్టినారు, అక్కడి నుంచే మా దిక్కుకు సువార్త వచ్చింది. అప్పట్లో మాదంతా బళ్ళారి జిల్లానే, అనంతపురం విడి జిల్లా అయింది 1882లో. మా అవ్వకు ఈ ఏళ్లేవీ తెలియవు. "దొరల కాలంలో మా తాత ప్రభువును నమ్ముకున్నాడు" అనేది, అంతే.

చర్చి గురించి పెద్దవాళ్లు చాలా రాశారు. నేను రాయాలనుకుంటున్నది మా నాయన అంగడి గురించి. మా ఇంట్లో దేవుడి మీద భక్తి ఎట్లా ఉండేదో చూడాలంటే ఆదివారం చర్చికి వస్తే చాలదు, సోమవారం పొద్దున అంగడికి రావాలి.

నాయన చదివింది ఎనిమిదో తరగతి. కొన్నాళ్లు ధర్మవరంలో ఒక కిరాణా అంగట్లో గుమాస్తాగా చేసి, ఊరికి తిరిగొచ్చి మా ఇంటి ముందరి గదిలోనే అంగడి పెట్టుకున్నాడు. రేకుల బోర్డు మీద నీలం రంగుతో "యేసు రక్షకుడు" అని పైన రాయించి, కింద సరుకుల పేర్లు రాయించాడు. మా చిన్నాయన వద్దన్నాడు. "మన వీధోళ్లు సరే, పై వీధోళ్లు ఎవరొస్తారన్నా? ముందే మనమంటే ఒక మాట, దానిమీద ఈ పేరొకటి" అని బాధపడ్డాడు. నాయన చెప్పిన జవాబు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. "రాకపోతే రానీ లే. వచ్చినోళ్లు ఆ పేరు చదివి వస్తారు గదా. తూకం తక్కువైందంటే తిట్టేది నన్ను గాదు, ఆయన్ని."

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. అంగట్లో పొట్లాలు కట్టే పని నాది. బడి వదిలినాక వచ్చి గల్లాపెట్టె పక్కన పీట మీద కూర్చునేదాన్ని. పాత పేపరు చించి, సంచి ఆకారంలో మడిచి ఇస్తే, నాయన దాంట్లో చక్కెర పోసి తక్కెడలో పెట్టేవాడు. ఎక్కడైనా అంగట్లో ఆ పేపరు బరువు చక్కెరతో పాటే పోతుంది, కొనేవాళ్లు దాన్ని పట్టించుకోరు. నాయన మాత్రం అంతే సైజు పేపరు ముక్క ఇంకొకటి చించి, రాళ్లున్న తట్టలో వేసేవాడు. అప్పుడు తక్కెడ ముల్లు నిలబడేదాకా చేయి కదపకుండా పట్టుకునేవాడు. గాలి వీస్తుంటే ఒక పక్కకు తిరిగి నిలబడి, ఒంటితో గాలిని ఆపి తూచేవాడు. వంద గ్రాముల చక్కెరకు ఇదంతా. పేపరు బరువెంత ఉంటుంది? ఒక గ్రామో, రెండో. కానీ మా దగ్గరికొచ్చేవాళ్లు కూలి డబ్బులతో వంద గ్రాముల లెక్కన కొనుక్కునేవాళ్లు. రోజూ ఆ ఇల్లే, రోజూ ఆ రెండు గ్రాములే అంటే ఏడాదికి ఎంతవుతుందో నాయన నాతో పలక మీద లెక్క కట్టించాడు ఒకసారి.

ఇనుప రాళ్ల అడుగున చిన్న గుంత ఉంటుంది చూడండి, దాంట్లో సీసం పోసి, దానిమీద తూనికలు కొలతల శాఖవాళ్లు ముద్ర కొడతారు. ఆ సీసం కొంచెం గీకేస్తే రాయి తేలికవుతుంది. అమ్మేవాడికి లాభం, కొనేవాడికి కంటికి కనపడదు. అందుకని నాయన రాళ్లన్నీ బోర్లా తిప్పి, ముద్ర పైకి కనపడేట్టు బల్ల మీద వరసగా పెట్టేవాడు. ఎవరైనా చేతిలోకి తీసుకుని చూసుకోవచ్చు. మొదట్లో చూసేవాళ్లు కూడా. తర్వాత్తర్వాత చూడటం మానేశారు.

బీడీలు, సిగరెట్లు, గుట్కా అంగట్లో పెట్టలేదు. పల్లెలో కిరాణం నడిపినవాళ్లకు తెలుసు, బీడీకట్ట కోసం వచ్చినవాడే ఉప్పూ చింతపండూ కొనిపోతాడు. ఆ బేరం మొత్తం పోయింది. ఆదివారం అంగడి మూసేవాళ్లం. ఎవరింట్లోనైనా చావో, కాన్పో అయితే వెనక తలుపు తీసి సరుకు ఇచ్చేవాడు గానీ, ఆ రోజు డబ్బు ముట్టుకునేవాడు కాదు. లెక్క సోమవారం రాసుకోవడమే.

ఇప్పుడు నీళ్ల కుండ గురించి చెప్పాలి. ఇది రాయడానికి ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్లలో టీ హోటలుకు పోతే మా వాళ్లకు గ్లాసు వేరే. చూరులో దోపి పెట్టి ఉండేది. తీసుకుని, టీ పోయించుకుని, బయట నిలబడి తాగి, మనమే కడిగి మళ్లీ చూరులో దోపాలి. మా నాయన చిన్నప్పటి నుంచి అదే చేశాడు. అంగడి పెట్టినాక చేసిన మొదటి పని, గడప పక్కన ఇసుక పోసి దానిమీద పెద్ద మట్టికుండ, మూత మీద ఒక స్టీలు చెంబు పెట్టడం. ఒకటే చెంబు. మా వీధివాళ్లకైనా, పై వీధివాళ్లకైనా, దారిన పోయేవాళ్లకైనా అదే. పొద్దున్నే అమ్మ బోరు దగ్గర నుంచి బిందెలు మోసి దాన్ని నింపేది. అంగడి తెరవగానే నాయన ఆ కుండ పక్కనే నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. దాచుకుని చేయలేదు, గట్టిగా అరిచీ చేయలేదు. పక్కనున్నవాళ్లకు వినపడేంత గొంతుతో, ఈ నీళ్లు తాగినవాళ్లను చల్లగా చూడమని అడిగేవాడు.

చాలా రోజులు ఆ చెంబు మా వీధివాళ్లే ముట్టుకున్నారు. తర్వాత ఒక మే నెలలో, బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన పై వీధి పెద్దాయన ఒకరు కుండ దగ్గర ఆగి, "నీళ్లు ఎవరు తెచ్చినార్రా?" అని అడిగాడు. "నా భార్య తెచ్చింది రెడ్డీ, బోరు నీళ్లే" అన్నాడు నాయన. పెద్దాయన కొంచెంసేపు నిలబడి, చెంబు ముంచి, ఎత్తి పోసుకుని తాగాడు. ముఖం తుడుచుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. దాంతో ఊరంతా మారిపోయిందని నేను చెప్పను. కొందరు చివరిదాకా తాగలేదు. ఉప్పు కొనుక్కుని దప్పికతోనే పోయేవాళ్లు. నాయన వాళ్లనూ ఏమీ అనలేదు, కుండనూ తీయలేదు. ఇంకొక చెంబు పెట్టమని సలహా ఇచ్చినవాళ్లకు మాత్రం గట్టిగా కాదన్నాడు. మా చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల దగ్గర అందరికీ ఒకే గిన్నె. అక్కడ ఒకటి, అంగడి దగ్గర రెండు ఎట్లా పెడతామని ఆయన బాధ.

బుడ్డల కాలం వస్తే అంగడికి ఇంకో పని ఉండేది. అక్టోబరు, నవంబరులో పంట చేతికొచ్చినప్పుడు నాయన ఒక మిల్లు తరఫున రైతుల దగ్గర కాయలు కొనేవాడు. ఆ వ్యాపారంలో రైతుకు దెబ్బ తగిలేది తరుగు దగ్గర. మట్టి ఉందని, తేమ ఉందని, గోనెసంచి బరువని మూటకు ఇన్ని కిలోలు తీసేస్తారు. ఎంత తీసేదీ, ఎందుకు తీసేదీ ఎవరూ చెప్పరు. నాయన మిల్లువాళ్లతో తరుగు లేకుండా కొనిపించలేకపోయాడు, అంత పలుకుబడి ఆయనకు లేదు. కానీ నా బడి పలక తీసుకుని, మేకుకు తగిలించి, పొద్దున్నే దానిమీద రాసేవాడు: ఈరోజు మిల్లు ధర ఇంత, తరుగు ఇంత, నా కమీషను ఇంత. చదువు రానివాళ్లకు చదివి వినిపించేది నేను. కమీషను పలక మీద రాసిన వ్యాపారిని మా చుట్టుపక్కల ఇంకొకరిని నేను చూడలేదు. తోటి కొనుగోలుదార్లకు కోపం వచ్చింది. "నువ్వు రాస్తే మమ్మల్ని కూడా అడుగుతున్నారు" అని ఇంటిమీదికి వచ్చారు. ఆ రాత్రి అమ్మకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. పొద్దున్నే నాయన పలక తుడిచి కొత్త ధర రాశాడు.

అవ్వ సంగతి వేరు. ఆమెకు అంగడి లేదు, పలక లేదు. ముసలితనంలో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని, వేలు పెట్టి ఒక్కొక్క మాటే కూడబలుక్కుని బైబిలు చదివేది. పొయ్యి వెలిగించే ముందు ఆ పూట ఎసట్లో వేయాల్సిన గింజల్లోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ చర్చికి పోయేది. తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం అంటే తెలియనివాళ్లు ఉండరు. మా అవ్వ రోజుల్లో బియ్యం పండక్కే కాబట్టి ఆమె పిడికిట్లో కొర్రలో, జొన్నలో ఉండేవి. కరువు ఏళ్లలో కూడా ఆ పిడికెడు ఆగలేదు. పిడికిలి చిన్నదయ్యేది, అంతే. ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా పోయి మంచం పక్కన కూర్చునేది. పీర్ల పండక్కి ఊరు ఊరంతా గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి పోయినప్పుడు, పోలేని ముసలివాళ్లకు సంగటి కెలికి పెట్టొచ్చేది. "వాళ్ల స్వామి దగ్గరికి వాళ్లు పోయినారు, ఈ ముసలోళ్లను చూడమని మన స్వామి నాకు చెప్పినాడు" అనేది, దాంట్లో తగాదా ఏముందన్నట్టు.

పెద్దయ్యాక నాకొక సందేహం వచ్చింది. మత్తయి సువార్తలో కొండమీది ప్రసంగం ఉంది కదా. 5వ అధ్యాయంలో ప్రభువు, దీపం వెలిగించి కుంచం కింద పెట్టరు, మీ మంచి పనులు మనుషులకు కనపడాలి అంటాడు. ఒక్క పేజీ తిప్పితే 6వ అధ్యాయంలో, కుడి చేయి చేసింది ఎడమ చేతికి తెలియకూడదు అంటాడు. రెండూ ఎట్లా కుదురుతాయని నాయన్ను అడిగాను. బుడ్డలు వలుస్తూ చాలాసేపు ఆలోచించి చెప్పాడు. "ఇచ్చేది దాచాల పాపా. బతికేది దాచగూడదు."

నాకు అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం అమ్మను చూసి తెలుసుకున్నాను.

మా వీధి చివరింటి పిల్లోడు లారీ క్లీనరుగా పోయి, జబ్బుతో తిరిగొచ్చాడు. ఎయిడ్స్ అని తెలిసినాక ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. మంగలి గడ్డం గీయనన్నాడు. సొంత వదినే పళ్లెం దూరం నుంచి నెట్టేది. సంఘంలో కూడా కొందరు, అది వాడి పాపానికి ఫలం అన్నారు. అమ్మ ఆ మాటకు ఎదురు చెప్పలేదు. ఆ సాయంత్రం సంగటి, ఊరుబిండి తీసుకుని పోయి, వాడి మంచం మీదే కూర్చుని, వాడు తిన్న పళ్లెంలోనే మిగిలింది తానూ తినింది. వీధి తలుపు బార్లా తీసి ఉంది. అందరూ చూశారు. చూడాలనే ఆమె తలుపు తీసి పెట్టింది. మరుసటి రోజు నాయన కొత్త బ్లేడు తీసుకుని పోయి వాడికి గడ్డం చేశాడు. వాడికి మాత్ర కోసమో, పాల కోసమో వాళ్లు ఇచ్చిన డబ్బు ఎంతో మాకు ఎప్పటికీ తెలియలేదు, వాళ్లు చెప్పలేదు. కానీ ఆ పళ్లెం మాత్రం వీధికంతా తెలిసింది. కొన్నాళ్లకు పక్కింటామె గంజి తెచ్చిచ్చింది.

వాణ్ని బత్తలపల్లి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రికి తీసుకుపోయారు. 2004 నుంచి ప్రభుత్వం ఎయిడ్స్ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మందులు పడినాక మనిషి లేచి నిలబడ్డాడు. ఇప్పుడు టమోటా మండీలో పని చేస్తున్నాడు.

ఆర్డీటీ అన్నాక దాన్ని స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ గురించి రాయకుండా ఉండలేను. అనంతపురం జిల్లాలో పుట్టినవాళ్లెవరూ ఉండలేరనుకుంటాను. 1920లో బార్సిలోనాలో పుట్టిన మనిషి, జెసూట్ అనే కాథలిక్ గురువుల సభలో చేరి 1952లో బొంబాయిలో దిగాడు. మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర రైతుల చేత బావులు తవ్వించాడు. అది గిట్టనివాళ్లు పట్టుబట్టి 1968లో ఆయన్ను దేశం నుంచి పంపించేశారు. మరుసటి ఏడే తిరిగొచ్చి, ఎవరూ కోరుకోని మా కరువు జిల్లాను ఎంచుకున్నాడు. 1970లో జెసూట్ సభ వదిలేశాడు, ఆన్ పెర్రీ గారిని పెళ్లి చేసుకున్నాడు. అయినా మా జనానికి ఆయన చివరిదాకా ఫాదరే. ఆర్డీటీ కట్టించిన ఇళ్లు ఆడవాళ్ల పేరుమీద రిజిస్టరు చేయించారు. బడి అయినాక మా వీధి పిల్లలకు సాయంత్రం బడి పెట్టారు. నా లెక్కలు గట్టిపడింది అక్కడే.

ఫెర్రర్ గారు ప్రసంగం చేయడం లేదు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వడం లేదని మా సంఘంలో కొందరికి అసంతృప్తి ఉండేది. సంస్థ మతం మాటెత్తేది కాదు, అన్ని మతాలవాళ్లకూ పని చేసేది, నిజమే. నాయన దీనిమీద ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. "నేను బోర్డు మీద రాసుకున్నా, ఆయన రాసుకోలేదు. పని మాత్రం ఒకే యజమాని దగ్గర" అనేవాడు. నా మట్టుకు నాకు, ప్రభువు పేరు పలకడం కూడా ముఖ్యమే. నాయన పలికాడు కాబట్టే ఈరోజు నేను నమ్ముతున్నాను. కానీ పేరు పలికినవాళ్లు పేపరు ముక్క బరువు కూడా చూసుకోవాలి. పలకనివాళ్ల పనిలో ప్రభువు లేడని తీర్పు చెప్పే హక్కు మనకు లేదు.

2009 జూన్ 19న ఫాదర్ పోయారు. బత్తలపల్లి ఆసుపత్రి ఆవరణలోనే సమాధి. నాయనకు అప్పటికే మోకాళ్లు పట్టేసినాయి, అయినా వస్తానని పట్టుబట్టాడు. తలపాగాల రైతులు, బురఖా వేసుకున్న ఆడవాళ్లు, చంకలో పిల్లలతో తల్లులు, కర్రలు పట్టుకున్న ముసలివాళ్లు. మా ముందర నిలబడిన ఒకామె, నుదుట పెద్ద బొట్టు, కుళ్లి కుళ్లి ఏడుస్తోంది. ఏమైందమ్మా, ఆయన నీకు తెలుసా అని అడిగితే, "ఎప్పుడూ చూళ్లేదు, నా బిడ్డ ఈ ఆసుపత్రిలో బతికినాడు" అంది. నాయన ఆమె చేతికి తన తువ్వాలు ఇచ్చాడు.

క్రిస్మస్ గురించి రాయలేదేమని అక్క అడుగుతుంది, అందుకని ఒక్క మాట. పెట్రోమాక్స్ లైటు తల మీద పెట్టుకుని, కంజీర కొట్టుకుంటూ రాత్రంతా పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. పొద్దున అమ్మ చేసిన ఓళిగలు ఊరంతా పంచడం నా పని.

ఈ మధ్య మా వాళ్ల బండ్ల మీద, ఆటోల వెనక, ఫోన్ స్టేటస్‌లలో వాక్యాలు చాలా కనపడుతున్నాయి. నాకు సంతోషమే. మా నాయన కూడా రేకు బోర్డు మీద రాయించినవాడే కదా. ఆటో వెనక ప్రభువు పేరున్నప్పుడు మాత్రం, మీటరు లేని మా ఊళ్లలో ముసలమ్మ దగ్గర ఎంత తీసుకున్నారని ఆ పేరు చూసే లెక్క అడుగుతారు జనం. అడగడం న్యాయం. మా పిల్లలకు నేను చెప్పేది ఇదే. పేరు రాయండి, రాసినాక ఆ పేరుకు తగ్గట్టు కిరాయి తీసుకోండి.

నాయన, అవ్వ ఇద్దరూ ఇప్పుడు మా చర్చి వెనక ఉన్నారు. అంగడి తమ్ముడు చూసుకుంటున్నాడు. ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది, పొట్లాల బదులు కవర్లు వచ్చినాయి. కవరు కాటా మీద పెట్టి సున్నా చేసి, ఆ తర్వాతే సరుకు పోస్తాడు. ఆదివారం మూతే.

పోయినేడు కోత పండక్కి ఊరెళ్లాను. ఆరాధన అయినాక, కానుకగా వచ్చినవి చర్చి ముందర వేలం వేస్తారు. గుమ్మడికాయలు, బుడ్డల మూటలు, కోడిపుంజులు, ఎవరో పెంచిన రెండు కుందేళ్లు. పై వీధివాళ్లు, దూదేకుల వాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. ఒక కోడిపుంజును కొన్నవాళ్లే మళ్లీ సంఘానికి ఇచ్చేయడం, మళ్లీ వేలం, మళ్లీ ఇంకొకరు కొనడం, పిల్లలు ఒకటే అరుపులు. తమ్ముడు వేలం పాడుతున్నాడు. బుడ్డల మూట వచ్చేసరికి వెనక నుంచి ఆ కుండ దగ్గర నీళ్లు తాగిన పెద్దాయన మనవడు చెయ్యెత్తి, "ఎంత తూకముందో ముందు కాటా వెయ్యప్పా, మీ నాయన వేసినట్టు" అని కేక వేశాడు. తమ్ముడు పాట ఆపి, పిల్లోణ్ని అంగడికి పరిగెత్తించి కాటా తెప్పించాడు.